బాలమురళి కృతులు పాడాలి

మంగళంపల్లి బాలమురళీకృష్ణ అనగానే తెలుగువారికి మొదట గుర్తొచ్చేది గొంతు. ‘పలుకే బంగారమాయెనా’ ఆయన నోట విన్నాక మరొకరి నోట వినాలనిపించదు. ఆ గాత్రం మీద మోజులో పడి, ఆయన పాట రాసి, తానే బాణీ కట్టే వాగ్గేయకారుడన్న సంగతిని మనం పక్కన పెట్టేశాం. నాలుగు వందలకు పైగా రచనలు చేసిన విద్వాంసుడికి ఇది అన్యాయం.

1930 జూలై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. బిడ్డ పసికందుగా ఉండగానే ఆమె కన్నుమూశారు. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర శిక్షణ సాగింది. ఇంకా మీసాలు రాని వయసులోనే కర్ణాటక సంగీతంలో మూలరాగాలైన 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టడం మొదలుపెట్టారు. అవే 1952లో ‘జనకరాగ మంజరి’గా అచ్చయ్యాయి.

ఆ 72లో 40 వివాది మేళాలు. పక్కపక్క స్వరాలు ఒరుసుకునే ఈ రాగాలంటే విద్యార్థులకు టెన్షన్, కచేరీ చేసేవారికి కాస్త జంకు. సరిగమల పట్టికగా బట్టీ పడితే అవి ఎవరికీ పట్టుబడవు. కృతి పాడితేనే రాగం నోటికి ఎక్కుతుంది. బాలమురళి ఆ దారి వేసి ఇచ్చారు.

ఆయన అంతటితో ఆగలేదు. రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలన్నది పాత కట్టుబాటు. ఆయన కల్పించిన ‘మహతి’ రాగంలో ఉన్నవి స, గ, ప, ని మాత్రమే. మరో రాగం ‘లవంగి’లో స, రి, మ, ధ మాత్రమే, పంచమం (ప) కూడా లేదు. దీనిపై పండితుల్లో పెద్ద గొడవే జరిగింది. వీణ ఎస్. బాలచందర్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. చర్చ జరగడం మంచిదే. కానీ ఆ రాగంలో ఆయన కట్టిన ‘ఓంకారాకారిణి’ విన్నవారికి లవంగిలో ఏ లోటూ కనిపించదని మా నమ్మకం. నాలుగు మెట్ల మీదే అంత విస్తారంగా తిరగడం మామూలు విద్య కాదు.

కదనకుతూహల తిల్లానా మాత్రం అదృష్టం చేసుకుంది. కచేరీల చివర పాడుతున్నారు, నాట్యవేదికల మీద ఆడుతున్నారు. గంభీరనాట పదవర్ణం ‘అమ్మ ఆనందదాయిని’కీ ఆదరణ ఉంది. మిగతా కృతులు కచేరీ మధ్యలో, రాగాలాపనతో, నెరవుతో (ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడడంతో) ప్రధానాంశంగా వినిపించేది ఎప్పుడు?

2030లో ఆయన శతజయంతి. విగ్రహాలు, శాలువాలు, సభలు ఎలాగూ ఉంటాయి. వాటికంటే ముందు 72 మేళకర్త కృతులను స్వరలిపితో, తప్పుల్లేకుండా, విద్యార్థి కొనుక్కోగలిగే ధరకు తెలుగులో అందుబాటులోకి తేవాలి. ఆకాశవాణి దగ్గరున్న ఆయన రికార్డింగులను శుభ్రం చేసి అందరికీ వినిపించాలి. ఆయన తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన విజయవాడ సంగీత కళాశాలే ఈ పనికి ముందు నిలిస్తే బాగుంటుంది. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఇప్పుడే డబ్బు కేటాయిస్తే 2030 జూలైకి పుస్తకం చేతికొస్తుంది.