నోపాస్‌వర్డ్ లైను పెట్టేస్తే చాలా? చాలదు

లినక్స్‌లో ఒక కమాండును అడ్మిన్ అధికారంతో నడిపేది సుడో. ఆ అధికారం ఎవరికో సుడోయర్స్ ఫైల్లో ఉంటుంది; అందులో నోపాస్‌వర్డ్ లైను పెడితే సుడో పాస్‌వర్డ్ అడగదు. దీని మీద లినక్స్ వాడేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. ‘ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవును తెరిచే స్క్రిప్టును డెస్క్‌టాప్ ఐకాన్ మీద నొక్కి నడిపితే సుడో పాస్‌వర్డ్ అడగలేక ఆగిపోతుంది. టెర్మినల్ లేకుండా దానికి వేరే దారి లేదు. సుడోయర్స్ ఫైల్లో నోపాస్‌వర్డ్ లైను పెట్టండి, లేదా పాస్‌వర్డును స్క్రిప్టులోనే రాసి ఎకోతో (రాసినదాన్ని అలాగే బయటికి పంపే కమాండ్) పంపండి. డ్రైవుకు ఎలాగూ సొంత పాస్‌వర్డ్ ఉంది కాబట్టి ప్రమాదం లేదు.’ ఇదీ ఆ సలహా. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. మొన్న మా బావ ల్యాప్‌టాప్‌లో కూడా ఆ లైను కనపడింది. ఆయన పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. అందుకే ఇది రాస్తున్నాను.

‘వేరే దారి లేదు’ అన్నది తప్పు. సుడోకు మైనస్ ఏ అనే ఆప్షన్ ఉంది, పెద్ద ఏ. అది పెడితే సుడో టెర్మినల్ కోసం చూడదు. సుడో ఆస్క్‌పాస్ అనే వేరియబుల్‌లో మనం చెప్పిన ప్రోగ్రామును పిలిచి, అది చూపించే బాక్సులో పాస్‌వర్డ్ తీసుకుంటుంది. చాలామంది తడబడేది ఒక్కచోటే: ఆ వేరియబుల్‌లో ప్రోగ్రాం పాత్ మాత్రమే ఉండాలి, ఆప్షన్లు ఉండకూడదు. బాక్సులు చూపించే జెనిటీ అనే ప్రోగ్రామును పిలిచే రెండు లైన్ల చిన్న ఫైలు రాసి, దాని పాత్ ఇస్తే పని అయిపోతుంది.

‘డ్రైవుకు సొంత పాస్‌వర్డ్ ఉంది కదా’ అన్న మాట నన్ను ఎక్కువ భయపెడుతుంది. నోపాస్‌వర్డ్ ఇచ్చిన స్క్రిప్టు సాధారణంగా మన హోం ఫోల్డర్‌లోనే ఉంటుంది. మన పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా దాన్ని మార్చేయగలదు. మార్చిందంటే రూట్ అధికారం, అంటే సిస్టం మొత్తం మీద అధికారం, దాని చేతికి వెళ్లినట్టే. పోనీ, ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవును తెరిచే క్రిప్ట్‌సెటప్ కమాండ్ ఒక్కదానికే ఇద్దామా అంటే, అందులో లక్స్‌ఎరేజ్ కూడా ఉంది. అది డ్రైవులోని కీ స్లాట్లన్నీ (పాస్‌వర్డుతో తెరుచుకునే తాళంచెవి దాచి ఉండే చోట్లు) తుడిచేస్తుంది, డ్రైవు పాస్‌వర్డ్ అడగనే అడగదు. ఆ స్లాట్లు ఉండే భాగానికి, అంటే హెడర్‌కు, బ్యాకప్ లేకపోతే సరైన పాస్‌వర్డ్ తెలిసినా ఆ డేటా ఇక తిరిగి రాదు. తాళం చెవి మన దగ్గరే ఉన్నా తాళం కప్పే లేకుండా పోయినట్టు.

ఇక ఎకో సంగతి. స్క్రిప్టులో రాసిన పాస్‌వర్డ్ ఆ స్క్రిప్టుతోపాటు ప్రతి బ్యాకప్‌లోకీ వెళ్తుంది. అంతకన్నా చిరాకైనది ఇంకోటి ఉంది. మొదటి లైను సుడోకు, రెండో లైను డ్రైవుకు అని రెండు పాస్‌వర్డులూ ఒకే పైపులో (ఒక కమాండ్ నుంచి ఇంకోదానికి డేటా వెళ్లే దారి) పంపిస్తారు. ఉబుంటులో సుడో ఒకసారి అడిగాక మామూలుగా 15 నిమిషాలు మళ్లీ అడగదు. ఆ టైంలో అదే టెర్మినల్‌లో స్క్రిప్టు నడిపితే సుడో పైపును ముట్టుకోదు. దాంతో ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ నేరుగా క్రిప్ట్‌సెటప్‌కు పోతుంది, అది ‘ఈ పాస్‌వర్డుకు కీ లేదు’ అంటుంది. ఉదయం పనిచేసిన స్క్రిప్టు పది నిమిషాలకే పనిచేయదు. డ్రైవు పాడైందేమోనని మనకు టెన్షన్.

సరైన పద్ధతిలో స్క్రిప్టు మన పేరుతోనే నడుస్తుంది. డ్రైవు పాస్‌వర్డును జెనిటీ బాక్సులో అడిగి, పైపు ద్వారా క్రిప్ట్‌సెటప్‌కు ఇవ్వాలి. ఆ ఒక్క కమాండ్‌నే సుడో మైనస్ ఏతో నడపాలి. అప్పుడు సుడో తన పాస్‌వర్డ్ కోసం పైపులో చెయ్యి పెట్టదు. కీ ఫైలును స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి, అంటే ఆ పైపు నుంచి, చదవమంటే మాత్రం ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ వాడండి. ఎకో చివర చేర్చే న్యూలైన్ కూడా పాస్‌వర్డులో భాగమైపోయి, సరైనది కొట్టినా తెరుచుకోదు. రెండు బాక్సులకూ వేర్వేరు టైటిల్స్ పెట్టడం మరిచిపోవద్దు. ఒకేలా ఉంటే ఒకదాని పాస్‌వర్డ్ ఇంకోదాంట్లో కొట్టేస్తాం.

‘గ్రాఫికల్ బాక్స్ కన్నా టెర్మినలే భద్రం’ అని కూడా అంటారు. లినక్స్‌లో విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11లో ఒక ప్రోగ్రాం ఇంకో విండోలో కొట్టే అక్షరాలను చదవగలదు, నిజమే. కానీ డెస్క్‌టాప్ మీద తెరిచే టెర్మినల్ కూడా ఒక విండోయే కదా! దాని బదులు వచ్చిన వేలాండ్‌లో మామూలు ప్రోగ్రాములకు ఆ వీలు లేదు.

అసలు పెన్‌డ్రైవ్ విషయంలో ఈ గొడవంతా అక్కర్లేదు. డ్రైవులను చూసుకునే యూడిస్క్స్ అనే సర్వీసు ఉన్న మామూలు డెస్క్‌టాప్‌లో, లాగిన్ అయి ఉన్న మనిషి బయటి డ్రైవును తెరవడానికి సుడోనే అవసరం లేదు. బావ ల్యాప్‌టాప్‌లో ఆ లైనూ తీసేశాం, స్క్రిప్టూ తీసేశాం. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టి, ఫైల్ మేనేజర్లో దాని మీద నొక్కితే ఒకటే బాక్స్ వస్తుంది, ఒకటే పాస్‌వర్డ్ అడుగుతుంది.