పట్టువదలని రిట్రై లూపు

ముందే చెప్పేస్తున్నా, నేను రిట్రై పక్షం, అంటే ఫెయిలయిన పనిని మళ్ళీ ప్రయత్నించే పక్షం. సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌లో ప్రోగ్రామ్ చేతిలో ఉండే కొస) మీద రీడ్ ఫెయిలయితే మళ్ళీ రీడ్, రైట్ ఫెయిలయితే మళ్ళీ రైట్, కనెక్ట్ కాకపోతే అయ్యేదాకా కనెక్ట్. దీనికి రాయాల్సిన కోడ్ కూడా ఎంతో లేదు: ఒక అనంతమైన లూపు, అందులో ఒక ట్రై, కింద ఏ ఎర్రరొచ్చినా కిక్కురుమనకుండా మింగేసే ఒక క్యాచ్. కోడ్ రివ్యూలో దీన్ని చూసి ముఖం చిట్లించేవాళ్ళున్నారు. "వచ్చింది ఏ ఎర్రరో చూడవా?" అంటారు. చూసి ఏం చేయాలండీ? చూస్తే ఆలోచించాలి, ఆలోచిస్తే మాన్యువల్ చదవాలి, మాన్యువల్ చదువుతూ కూర్చుంటే ఇవాళ రిలీజు ఉండదు.

అసలు మా పక్షానికి సాక్ష్యం ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నలే చెబుతోంది. నాన్-బ్లాకింగ్ సాకెట్‌లో, అంటే డేటా కోసం మనల్ని నిలబెట్టకుండా వెంటనే జవాబిచ్చే సాకెట్‌లో, చదవడానికి ఏమీ లేకపోతే లినక్స్ 11వ నంబరు ఎర్రర్ ఇస్తుంది, దాని పేరే ఈ-ఎగైన్. పేరులోనే ఎగైన్ పెట్టి పిలుస్తుంటే మళ్ళీ వెళ్ళకపోవడం మర్యాదేనా? నేను వెంటనే వెళ్తాను. "ఇప్పుడు కాదు, డేటా వచ్చాక రా" అని దాని అర్థమట, డేటా వచ్చినప్పుడు తట్టి లేపడానికి ఈపోల్ అని ఒకటుందట. నిద్రపోయేవాడికి కదా లేపేవాడు కావాల్సింది, నా లూపు నిద్రే పోదు. ఒక సీపీయూ కోర్‌ను మొత్తం తీసుకుని సెకనుకు లక్షలసార్లు "వచ్చిందా, వచ్చిందా" అని అడుగుతూనే ఉంటుంది. ఫ్యాను మోత వినబడుతుంటే పని జరుగుతోందని నాకూ ఒక ధైర్యం.

ఇంకో ఎర్రరుంది, ఈ-ఇంటర్. సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను ఒక పని చేసిపెట్టమని అడగడం) నడుమ ప్రోగ్రామ్‌ను పిలిచే సిగ్నల్ ఏదైనా వస్తే పని ఆగిపోయి ఇది చేతికొస్తుంది. ఇందులో నిజంగానే మళ్ళీ పిలవడం తప్ప చేసేదేమీ ఉండదు చాలాసార్లు. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ కొన్ని కాల్స్‌ను తనే మళ్ళీ మొదలుపెట్టడం నేర్చుకుంది, పైథాన్ 2015లో 3.5 వెర్షన్‌తో ఆ పని తన నెత్తిన వేసుకుంది. అంటే పెద్దలంతా మా దారికే వచ్చారు. ఒక్క క్లోజ్ దగ్గర మాత్రం లినక్స్‌ది విచిత్రమైన పేచీ: క్లోజ్ మధ్యలో ఈ-ఇంటర్ వచ్చినా ఫైల్ నంబరు (తెరిచిన ప్రతి ఫైలుకూ, కనెక్షన్‌కూ కెర్నల్ ఇచ్చే అంకె) అప్పటికే ఖాళీ అయిపోయి ఉంటుందట, మళ్ళీ పిలవొద్దట. నేను పిలిచాను. 7వ నంబరు మూసెయ్యమన్నాను, మూసింది. ఈలోగా ఆ 7 అదే ప్రోగ్రామ్‌లో పక్కనే నడుస్తున్న ఇంకో థ్రెడ్ తెరుచుకున్న కనెక్షన్‌కు దక్కిందంటే తప్పు నాదా, తొందరపడిన ఆ థ్రెడ్‌దా?

రైట్ సంగతి మరీను. పదివేల బైట్లు ఇచ్చి పంపమంటే 4096 పంపాను అని చెప్పి చేతులు దులుపుకుంటుంది. ఎర్రర్ కూడా కాదట, మిగతావి అక్కణ్ణుంచి మనమే పంపుకోవాలట. ఎక్కడ ఆపిందో గుర్తుపెట్టుకోవడం నావల్ల కాదు కాబట్టి నేను మొదటినుంచీ మళ్ళీ పంపిస్తాను, అవతలివైపు మొదటి భాగం రెండుసార్లు చేరుతుంది, రివిజన్ అనుకోవచ్చు. కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీది దీనికి ఎదురు చాదస్తం, ఆగిపోయిన రైట్‌ను మళ్ళీ పిలిచేటప్పుడు ముందిచ్చిన బఫరే (డేటా ఉన్న మెమరీ చోటే) ఇవ్వాలంటుంది, వేరేది ఇస్తే "బ్యాడ్ రైట్ రిట్రై" అని ఎర్రర్ ఇస్తుంది. నాలాంటివాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక ఎర్రర్ పేరు పెట్టారంటే మా సంఖ్యాబలం ఎంతో ఊహించుకోండి.

ఇక అసలు తగువు టైమౌట్ దగ్గర. రిక్వెస్ట్ పంపాం, జవాబు రాలేదు. రిక్వెస్టే చేరలేదా, చేరి పనంతా అయిపోయాక జవాబు దారిలో తప్పిపోయిందా? ఇటువైపు కూర్చున్నవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తప్పిపోయే అవకాశమున్న దారిలో ఎన్ని కబుర్లు పంపుకున్నా, ఎన్ని రసీదులు ఇచ్చిపుచ్చుకున్నా ఇద్దరికీ పూర్తి నమ్మకం కుదరదని 1975లోనే ఒక పరిశోధన పత్రంలో తేల్చేశారు, తర్వాత దానికి ఇద్దరు సేనానుల సమస్య అని పేరొచ్చింది. తేలదని తేలిపోయాక ఇంక బెంగెందుకు, ఇంకోసారి పంపేయడమే. పని అసలు జరగకపోవడం కంటే రెండుసార్లు జరగడం మేలు కదా. ఖాతాలో డబ్బు రెండుసార్లు కటయినవాడు తప్ప దీన్ని కాదనేవాడు లేడు.

వెబ్ నడిచే హెచ్‌టీటీపీ నియమాలు రాసినవాళ్ళు ఇక్కడ కూడా గిరి గీశారు. గెట్, పుట్, డిలీట్ అనే రకాల రిక్వెస్టులు ఎన్నిసార్లు చేసినా ఫలితం ఒక్కసారి చేసినట్టే ఉండాలి కాబట్టి వాటిని రిట్రై చేసుకోవచ్చట, పోస్ట్‌ను మాత్రం ఊరికే మళ్ళీ పంపకూడదట. అది కూడా పంపాలనుంటే ప్రతి లావాదేవీకి ఒక ఐడెంపోటెన్సీ కీ తగిలించమంటారు, అదే కీ రెండోసారి వస్తే సర్వర్ గుర్తుపట్టి పని మళ్ళీ చేయకుండా పాత జవాబే ఇస్తుంది. బాగుంది కదా అని నేనూ పెట్టాను. పాచి కీ ఏం పంపుతాంలే అని ప్రతి రిట్రైకీ కొత్త కీ తయారుచేసి మరీ పంపాను.

కొంచెం ఆగి ప్రయత్నించమనే వర్గం ఒకటుంది, వీళ్ళకు 1986 కథంటే మహా ఇష్టం. ఆ ఏడాది అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, 400 గజాల దూరంలో ఉన్న యూసీ బర్క్‌లీకీ మధ్య సెకనుకు 32 కిలోబిట్లున్న వేగం 40 బిట్లకు పడిపోయింది. 40 బిట్లంటే 5 బైట్లు, కాగితం మీద రాసుకుని నడిచివెళ్ళి ఇచ్చొచ్చినా ముందే అందేది. క్యూలో నిలబడి నిదానంగా వస్తున్న ప్యాకెట్లను పోయాయనుకుని మళ్ళీ మళ్ళీ పంపడం అందులో పెద్ద పాపమని తేలింది. వాన్ జాకబ్సన్ 1988లో దానిమీద పేపర్ రాశాడు, ప్యాకెట్లను చేరవేసే టీసీపీ ఒద్దికగా ఉండటం నేర్చుకుంది. ఇప్పుడది జవాబు రాకపోతే కాసేపు ఆగుతుంది, తర్వాత దానికి రెట్టింపు, తర్వాత దానికీ రెట్టింపు. లినక్స్ మామూలు సెట్టింగుల్లో 15 సార్లు అలా పంపి, దాదాపు 15 నిమిషాలు చూసి అప్పుడు వదిలేస్తుంది. అంటే నేను రిట్రై అనే మాట టైపు చేయకముందే కింద ఒకడు రిట్రై చేస్తూనే ఉన్నాడు. వాడి మీద నమ్మకం లేక పైన నాది కూడా పెట్టుకున్నాను.

నేనే కాదు, అందరూ పెట్టుకున్నారు. మేం పనిచేసిన ఒకచోట యాప్ మూడుసార్లు, గేట్‌వే మూడుసార్లు, వెనకాల సర్వీసు మూడుసార్లు, దానికింద డేటాబేస్ లైబ్రరీ మూడుసార్లు ప్రయత్నించేవి. ఒక రాత్రి డేటాబేస్ కాస్త మందగించింది. యూజర్ ఒక్కసారి బటన్ నొక్కితే దాని మీద పడేది మూడు కాదు, 81. మూలిగే నక్క మీద ఒక్క తాటిపండు పడితేనే సామెత పుట్టింది.

డేటాబేస్ పడిపోయింది. లేపాం. కానీ క్లయింట్లన్నీ ఒకేసారి ఫెయిలయ్యాయి కాబట్టి అన్నీ ఒకే క్షణంలో తిరిగొచ్చాయి, అది మళ్ళీ పడిపోయింది. ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ పెట్టండి, అంటే ఫెయిలయిన ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేయండి అన్నాడు మాలో ఒక జ్ఞాని. పెట్టాం. ఈసారి అన్నీ ఒక సెకను ఆగి కలిసి వచ్చాయి, రెండు సెకన్లు ఆగి కలిసి వచ్చాయి, నాలుగు ఆగి కలిసి వచ్చాయి, కవాతు చూసినట్టుంది. విక్రమార్కుడు ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళినా ఏమీ కాలేదంటే ఆయన ఒక్కడే కాబట్టి, పదివేలమంది విక్రమార్కులు ఒకేసారి చెట్టెక్కితే బేతాళుడి సంగతి అటుంచి కొమ్మ మిగలదు. ఎవరు ఎంతసేపు ఆగాలో కాకిలెక్కన ఎవరికివారు ఎంచుకుంటే ఈ గొడవుండదట, దానికి జిట్టర్ అని పేరట. 1971లోనే హవాయిలో అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్ ఇదే ఉపాయంతో నడిచిందని అదే జ్ఞాని తెల్లవారుజామున మూడింటికి చెప్పాడు, ఆ వేళప్పుడు చరిత్ర ఎవడిక్కావాలి. పాత ఈథర్నెట్ కూడా అంతే, వేరేవాళ్ళ డేటాతో వరసగా 16 సార్లు ఢీకొంటే ఫ్రేమును (పంపే డేటా ముక్కను) వదిలేసి పైకి చెప్పేసేది. పట్టుదల లేదు.

సర్వర్ మాత్రం పాపం తన వంతు చెప్పింది. "ఇప్పుడు నావల్ల కాదు" అని అర్థమొచ్చే 503 ఇచ్చి, రిట్రై-ఆఫ్టర్ అనే హెడర్‌లో 120 సెకన్లు ఆగమని రాసి మరీ పంపింది. నా క్యాచ్ దాన్ని చదవకుండా మింగేసింది, అది చేసేదే ఆ పని.

మర్నాడు పోస్ట్‌మార్టమ్ రిపోర్టు నన్నే రాయమన్నారు. రాశాను, సబ్మిట్ కొట్టాను, టైమౌటయింది. మళ్ళీ కొట్టాను. ఇప్పుడా ట్రాకర్‌లో నా పేరు మీద తొమ్మిది రిపోర్టులున్నాయి, తొమ్మిదింట్లోనూ చివరి లైను "ఇకమీదట రిట్రైలు తగ్గిస్తాం" అనే ఉంది.