పార్కులోని నీడ గడియారం తప్పు చూపడం లేదు, పలకను తిప్పకండి

"పార్కులోని పాత నీడ గడియారం పాడైంది. ఫోన్‌తో 20 నిమిషాలు తేడా. భూమి అక్షం ఒరగడమే కారణం. పలక తిప్పాలి, ముల్లు నిటారుగా పెట్టాలి, గీతలు సమానంగా చెక్కించాలి, చింతపండుతో తోమాలి." విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ సందేశంలో తేడా ఉందన్న మాట ఒక్కటే నిజం.

ఆ తేడా ఉండాల్సిందే. ఫోన్ సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. విశాఖ సుమారు 83.3 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మనకు సూర్యుడు 3 నిమిషాల 12 సెకన్లు ముందే నడినెత్తికి వస్తాడు. పైగా భూమి కక్ష్య అండాకారం, అక్షం వాలి ఉంది. అందుకే నీడ సమయం సగటు కంటే నవంబర్ మొదట్లో 16 నిమిషాలకు పైగా ముందుంటుంది, ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు వెనకబడుతుంది. రెండూ కలిపితే విశాఖలో నీడ నవంబర్‌లో ఫోన్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందు, ఫిబ్రవరిలో 11 నిమిషాలు వెనక. ఏ నెలలో చూశారో చెప్పకుండా "తేడా" అంటే అర్థం లేదు. గొడే వెంకట జగ్గారావు ఈ ఊళ్లో వేధశాల (ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం) పెట్టిన 1840 ప్రాంతంలో ఐఎస్‌టీయే (మన ఫోన్లు చూపే భారత ప్రామాణిక సమయం) లేదు, అది 1906లో వచ్చింది. అంతకుముందు చెక్కిన పలకను దానితో తూచడం అన్యాయం.

అక్షం వాలు ఎప్పుడూ ఉన్నదే, అది కొత్తగా ఒరిగిందన్న మాట వదిలేయండి. ధ్రువం నేల మీద అటూఇటూ ఊగేది కొన్ని మీటర్లే, అది నీడలో తెలియదు.

అసలు నష్టం పలక తిప్పడంలో ఉంది. మధ్యాహ్నం 20 నిమిషాలు సరిచేయాలంటే ఒకటిన్నర డిగ్రీ తిప్పాలి. అదే తిప్పుడు సాయంత్రం 5కి 3 నిమిషాలే మారుస్తుంది. ఒక్క గంట దగ్గర కలిసి, మిగతా రోజంతా చెడుతుంది. కారణం గీతల అమరికే. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలకు 12, 1 గంటల గీతల మధ్య 4.7 డిగ్రీలు, 5, 6 గంటల మధ్య 41 డిగ్రీలు రావాలి. సమానంగా 15 డిగ్రీలకు చెక్కిస్తే ఆ పలక ఇక ఏ ఊరికీ పనికిరాదు.

ముల్లు నిటారుగా నిలబెడితే ఒకే గంటకు నీడ దిక్కు రుతువును బట్టి మారిపోతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ముల్లు ఏటవాలు అంచు భూమి అక్షానికి సమాంతరంగా ఉంటేనే ఏడాదంతా అవే గీతలు పనిచేస్తాయి.

నిజంగా అనుమానముంటే మూడు చూడండి. పలక మట్టంగా ఉందా, రసమట్టంతో. ముల్లు వాలు సరిపోయిందా: దాని అడుగు భాగం పొడవు 100 మి.మీ. అయితే ఎత్తు 32 మి.మీ. రావాలి. ముల్లు నిజ ఉత్తరానికి ఉందా: ఇనుప గ్రిల్ దగ్గర దిక్సూచిని నమ్మొద్దు. నవంబర్ మొదట్లో ఫోన్‌లో 11:40కి, ఫిబ్రవరి రెండో వారంలో 12:11కి తూకం గుండు తాడు నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాలు చూపుతుంది. వంకర ఉంటే అప్పుడు పునాదిని సరిచేయించాలి.

చింతపండు మాత్రం వద్దే వద్దు. పులుపు ఇత్తడిని తింటుంది, తోముడుకు సన్నగీతలు అరుగుతాయి, అవి తిరిగి రావు. సముద్రపు ఉప్పుకు మంచినీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఖర్చు పెట్టాలనుకుంటే పక్కనే నెలవారీ సవరణ పట్టిక బోర్డు పెట్టించండి.