బ్యారక్‌ల హిందీ బ్రిటన్ వీధుల్లోకి ఎలా చేరింది?

ఇంగ్లిష్‌లో మన మాటలు ఎన్ని ఉన్నాయో చూడండంటూ వాట్సాప్‌లో పోస్టులు తిరుగుతుంటాయి. బంగళా, వరండా, పైజామా... చివర్లో కాస్త గర్వం. గర్వపడితే పడదాం. కానీ బ్రిటిష్ వాళ్లు సరదాగా, మోటుగా వాడుకునే హిందీ మాటల్లో చాలావరకు దొరల బంగళాల్లోంచి పోలేదు. మామూలు సోల్జర్లు బ్యారక్‌ల నుంచి మోసుకెళ్లారు.

‘డెక్కో’నే తీసుకోండి. ఒకసారి చూసొస్తానని చెప్పడానికి అక్కడ వాడే మాట ఇది. మూలం ‘దేఖో’. అంటే మొదట అది ఆజ్ఞ. నౌకరుతోనో బజారులోనో పని జరిగిపోవడానికి సోల్జర్‌కు ఆ మాత్రం హిందీ చాలు, వ్యాకరణం ఎవరికి కావాలి? జైలును ‘చోకీ’ అనడమూ మన చౌకీ చలవే.

మతి చెడినవాణ్ని ‘డూలాలీ’ అంటారు. నిజానికి అది ఊరి పేరు. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీ. సర్వీసు ముగిసిన సోల్జర్లను ఓడ ఎక్కించేదాకా అక్కడి క్యాంపులో ఉంచేవారు. ఓడలేమో చల్లటి నెలల్లోనే నడిచేవి. సీజన్ దాటాక వచ్చినవాడు నెలల తరబడి ఎండలో, పనీపాటా లేకుండా పడి ఉండాల్సిందే. తాగుడు, మలేరియా, పిచ్చి. ‘డూలాలీ ట్యాప్’ అనేవారు. ట్యాప్ అంటే జ్వరం, మన తాపానికి చుట్టమే. పాలించడానికి వచ్చినవాళ్లలో కిందివాడి బతుకు ఎలా ఉండేదో ఈ ఒక్క మాట చెబుతుంది.

‘బ్లైటీ’ కథ ఇంకా విచిత్రం. మనకు ఇంగ్లండ్ ‘సీమ’ అయినట్టే ఉత్తరాదికి అది ‘విలాయత్’. అక్కడి సరుకు విలాయతీ, జనం నోట బిలాయతీ. మనవాళ్లు ‘పరదేశీ’ అనే అర్థంలో అన్నదాన్ని సోల్జర్లు సొంత ఊరికి ముద్దుపేరుగా పెట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణం పోకుండా, ఇంటికి పంపించేంత గాయమైతే దాన్నీ ‘బ్లైటీ’ అన్నారు. ట్రెంచుల్లో అలాంటి గాయం కోసం మొక్కుకున్నవాళ్లూ ఉన్నారు!

ఇప్పుడు దారి మారింది. 1998లో బీబీసీ టీవీలో మొదలైన ఓ కామెడీ షోలో బ్రిటిష్ ఆసియన్ నటులు ‘చడ్డీస్’ అంటూ తిట్టుకుంటుంటే దేశమంతా నవ్వింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ మాటను చేర్చుకుంది. ఈసారి నేర్పింది వలస వెళ్లినవాళ్ల పిల్లలు, అదీ తెల్లవాళ్లను ఆటపట్టిస్తూ. వాట్సాప్ జాబితాల్లో దీనికి చోటు దొరకదు, లోదుస్తుల పేరు కదా!