లెటర్ కాదట, లెదరట!

మహారాజశ్రీ రాక్ పాట సాహిత్యం గారికి, మీ పాత శ్రోత నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు ఎప్పటిలాగే డ్రమ్స్ చాటున క్షేమంగా దాక్కుని ఉంటారని తలుస్తాను.

ఇవాళ మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే ఆ పాత సీడీ పెట్టెలోంచి పాటల పుస్తకం జారిపడింది. పాట పేరు చెప్పను, పోయేది నా పరువే. 12 ఏళ్లుగా రెండో చరణంలో నాకు వినిపిస్తున్నది "బర్న్‌ట్ లెటర్". కాల్చేసిన ఉత్తరం. పుస్తకంలో అచ్చయి ఉన్నది "బర్న్‌ట్ లెదర్". ఎండలో వదిలేసిన కారు సీటండీ! ఉత్తరం లేదు, పాడూ లేదు. తోలు.

ఆ ఒక్క ఉత్తరం మీద నేనెన్ని అంతస్తులు లేపానో తమరికి తెలియదు. అది తండ్రి రాసిన ఉత్తరం. కొడుకు చింపి చూడకుండానే తగలబెట్టాడు. మూడో చరణంలో లేచే పొగ దానిదే (రేడియేటర్‌ది అని ఇవాళే తెలిసింది). "వెనక్కి తిరగడానికి ఆలస్యమైంది" అంటే తండ్రి పోయాడని. కాదట, దాటిపోయిన మలుపట. గిటార్ సోలో మధ్యలో ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అది కొడుకు గొంతు పూడుకుపోవడం. దాని సంగతి పుస్తకంలో ఏమీ రాయలేదు కాబట్టి అదొక్కటీ నాకు మిగిలింది.

నా బాధ నాతో పోతే ఈ లెటర్ రాసేవాణ్ణి కాదు. ఈ అర్థమంతా ఒక రాత్రి నా స్నేహితుడికి చరణం చరణం విప్పి చెప్పాను. వాడికీ వాళ్ల నాన్నకీ నాలుగేళ్లుగా మాటల్లేవు. వాడు కళ్లు తుడుచుకుని బయటికెళ్లి ఫోన్ చేశాడు. ఇప్పుడు వాణ్ణి పిలిచి ఏమని చెప్పను? మిమ్మల్నిద్దర్నీ కలిపింది కారు సీటు కవర్రా అని చెప్పనా?

మధ్యాహ్నమంతా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండు సెకన్లే వెనక్కి జరిపి జరిపి విన్నాను. స్పీడు తగ్గించి విన్నాను. అప్పుడు అమెరికా ఎఫ్‌బీఐ గుర్తొచ్చి కాస్త ఊరట కలిగింది. 1963లో కింగ్స్‌మెన్ అనే రాక్ బృందం పాడిన "లూయీ లూయీ"లో బూతులున్నాయని ఫిర్యాదులొస్తే, వాళ్లు రెండేళ్లకు పైగా ఆ రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి విన్నారు. ఏ వేగంలో విన్నా మాటలు తెలియడం లేదని చేతులెత్తేశారు. తీరా ఆ పాటలో ఉన్నది, ఓ నావికుడు ప్రియురాలి దగ్గరికి వెళ్లాలని బార్‌లో చెప్పుకోవడం. ప్రభుత్వానికే వినపడనిది నాకేం వినపడుతుంది!

అయినా మాట స్పష్టంగా పలికినప్పుడు మాత్రం మీరు ఒరగబెట్టిందేమిటి? వెంటపడి కాపలా కాసేవాడి గోలని 1983లో "ద పోలీస్" అనే రాక్ బృందం "ఎవ్రీ బ్రెత్ యూ టేక్" అని నెమ్మదిగా, అక్షరం పొల్లుపోకుండా పాడింది. జనం దాన్ని ప్రేమపాట అనుకుని పెళ్లిళ్లలో వేయించుకున్నారు.

కావాలని చేసే మోసం ఇంకొకటి. బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్ ఒకప్పుడు చదువుకున్న బడిలో మాస్టారు బీటిల్స్ పాటలకు అర్థాలు చెప్పిస్తున్నారని ఓ కుర్రాడు ఆయనకి ఉత్తరం రాశాడు. (అది ఖచ్చితంగా లెటరే.) లెనన్ మురిసిపోలేదు. పొంతన లేని మాటలన్నీ పోగేసి 1967లో "ఐ యామ్ ద వాల్రస్" అని ఒకటి వదిలాడు, ఇప్పుడు చెప్పించండి చూద్దాం అని. మరుసటి ఏడు ఇంకో పాటలో "ఆ వాల్రస్ పాల్" అని, అంటే తన బృందంలోని పాల్ మెకార్ట్‌నీయే అని, ఆధారం ఇస్తున్నట్టే ఇచ్చి ఇంకో ముడి వేశాడు. ఆ మాస్టారి మీద నాకు చెప్పలేనంత జాలి.

మీరూ అంతే. మీరేమిటి, నువ్వూ అంతే! ఇక మర్యాద నావల్ల కాదు. నోట్లో దూది కుక్కుకుని నువ్వు పాడతావు, రాత్రంతా మేలుకుని అర్థం నేను వెతకాలి. దొరికాక అది కాదంటావు. పన్నెండేళ్లు ఊరుకుని ఇప్పుడు చిన్నక్షరాల్లో చెబుతావా? పోనీ నాదానికంటే మంచిది చెప్పావా అంటే, తోలు!

అమెరికా రాక్ గాయకుడు జాన్ ఫోగర్టీని చూసి నేర్చుకో. "బ్యాడ్ మూన్ ఆన్ ద రైజ్" అని ఆయన పాడితే జనం "బాత్రూమ్ ఆన్ ద రైట్" అని విన్నారు. ఆయన కోప్పడలేదు. కచేరీల్లో అప్పుడప్పుడూ తనే బాత్రూమ్ అని పాడి నవ్వించాడు. మీవాణ్ణి కూడా ఒక్కసారి, ఒక్క కచేరీలో, లెటర్ అనమనండి. ఎవరికీ తెలియదు, ఎలాగూ ఎవరికీ వినపడదు.

ఇందాకే పుస్తకం ముందు పెట్టుకుని పాట మళ్లీ వేశాను. వేలు లెదర్ మీదే పెట్టి ఉంచాను. వాడు లెటర్ అనే అన్నాడు. సోలో దగ్గర ఆగినప్పుడు నా గొంతూ ఎప్పటిలాగే పట్టేసింది.

నా స్నేహితుడికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆదివారం వాళ్ల నాన్నతో కలిసి భోజనానికి వస్తున్నాడు.

ఇట్లు,
మీ శ్రోత

తా.క.: జవాబు రాసేటట్టయితే అక్షరాలు విడివిడిగా రాయవలెను.