పోగు పుట్టుక కనిపించే సంత విశాఖకు కావాలి

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఏటా మే నెల మొదటి శని, ఆదివారాల్లో గొర్రెలు, ఉన్ని పండుగ జరుగుతుంది. అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లి, దాన్ని చూసొచ్చిన మనవాళ్లు రంగురంగుల ఉన్ని ఉండల ఫొటోలు చూపిస్తుంటారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం అక్కడ అమ్మే ఉతకని ఉన్ని.

ఒక్కో గొర్రె ఉన్నిని విడిగా మూటకట్టి, ఫలానా జాతిదని రాసి పోటీకి పెడతారు. పరీక్షించేవాళ్లు అందులోంచి ఒక పాయ తీసి, రెండు కొసలూ పట్టుకుని చెవి దగ్గర గట్టిగా లాగుతారు. చిటపటమని తెగిందంటే ఆ ఏడాది గొర్రెకు జబ్బు చేసిందనో, మేత చాల్లేదనో అర్థం. పోటీ అయ్యాక ఆ మూటలు అక్కడే అమ్ముడవుతాయి. పెంచినవాళ్ల శ్రమకు పేరూ ధరా ఒకేచోట దొరుకుతాయి.

మన ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లోనో, మధురవాడ శిల్పారామంలోనో జరిగే చేనేత ప్రదర్శనల్లో ఈ మొదటి సగం, అంటే పోగు పుట్టే దశ, ఉండదు. చీర ఉంటుంది, రిబేట్ బోర్డు ఉంటుంది. పత్తి పండించినవాళ్లు, నూలు వడికినవాళ్లు అసలు కనిపించరు. దాంతో బేరమంతా చీర ధర చుట్టూనే తిరుగుతుంది.

అలాగని మేరీలాండ్ పండుగను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే కుదరదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ తర్వాత రెండో స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే, దాదాపు 1.76 కోట్లు. కానీ మన నెల్లూరు జాతి గొర్రెకు ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. దాన్ని పెంచేది మాంసానికి. దాన్ని ఒక పక్క కట్టేసి, ఇంకో పక్క లుధియానా మిల్లు ఉన్ని అమ్మితే అది ఉత్త అలంకారం.

ఉన్ని కావాలంటే దక్కనీ గొర్రె దగ్గరికి వెళ్లాలి. దాని ముతక నల్ల ఉన్నితోనే తెలంగాణలో గొంగళ్లు నేస్తారు. పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు. చలికే కాదు, వానకూ కాపరికి అదే రక్ష. ఉన్ని కొనే నాథుడు లేక, మాంసం ధర పెరిగి, దక్కనీని వెంట్రుక జాతులతో సంకరం చేయిస్తూ వచ్చారు. నేతకు పనికొచ్చే ఉన్ని అలా తగ్గిపోతోంది. గొంగడిని మ్యూజియంలో పెట్టినంత మాత్రాన ఈ నష్టం ఆగదు. కిలో ఉన్నికి గిట్టుబాటు ధర ఇచ్చేవాళ్లు కావాలి.

విశాఖ ఉక్కపోతలో ఉన్ని ఎవరు కొంటారని అడగొచ్చు. నిజమే, ఇక్కడ స్వెటర్ తీసే రోజులు తక్కువ. అయితే ముతక ఉన్ని ఒంటికంటే నేలకే బాగా నప్పుతుంది. తివాచీకి, కూర్చునే ఆసనానికి, సంచికి పనికొస్తుంది. ఇక అరకు, లంబసింగి చలికి వచ్చే పర్యాటకులు ఈ ఊరి మీదుగానే పోతారు.

అయినా విశాఖ సంతలో పెద్దపీట శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకే వేయాలంటాను. రైల్లో సుమారు రెండు గంటల దూరం. అక్కడ వాలుగ చేప దవడ ఎముకనే దువ్వెనగా పట్టుకుని, గింజ మీదున్న పత్తిని దువ్వుతారు. సన్నని ఆ పళ్ల మధ్య చెత్త ఆగిపోయి, పింజ సాపుగా వస్తుంది. ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంట్ నూలు, అంటే చాలా సన్నని నూలు, తీస్తారు. దువ్వడం నుంచి వడకడం దాకా ఎక్కువగా ఆడవాళ్ల పనే. వచ్చేది తక్కువ కాబట్టి వాళ్ల కూతుళ్లు ఇటు రావడం లేదు. ఖద్దరు పంచె ధర చూసి అమ్మో అనేవాళ్లు ఆ దువ్వెన పక్కన పది నిమిషాలు కూర్చోవాలి.

పెడితే డిసెంబర్, జనవరిలో పెట్టాలి, జీవాలకు ఎండదెబ్బ ఉండదు. నీడ, నీళ్లు, పశువైద్యుడు తప్పనిసరి. వడికేవాళ్లకు స్టాల్ అద్దె వద్దు, ప్రదర్శనకు కూర్చున్న గంటలకు కూలి కట్టివ్వాలి. దువ్విన పత్తి, ఉతకని ఉన్ని కూడా తూకానికి అమ్మాలి. నగరంలో క్రోషే, అల్లికలు చేసేవాళ్లు తక్కువేం కాదు, మొదటి కొనుగోలుదారులు వాళ్లే అవుతారు.