ఇంకా అదేనా?

ఏ దుర్ఘటన జరిగినా వారం దాకా ఎక్కడ చూసినా కొవ్వొత్తులూ, మైకులూ. 'మానసిక ఆరోగ్యం ముఖ్యం' అని ప్రతివాడూ అనేవాడే. నెల తిరిగేసరికి అందులోంచి బతికి బయటపడ్డవాళ్లని అదే నోటితో 'ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా' అంటారు. ఒళ్లు మండిపోతుంది.

చాలామంది మెల్లగా తేరుకుంటారు, కాదనను. కానీ నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం కళ్లముందు తిరగడం నెల దాటినా తగ్గకపోతేనే కదా డాక్టర్లు పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు) అని అనుమానించేది! 1980లోనే అమెరికా సైకియాట్రీ సంఘం దాన్ని తన జబ్బుల పుస్తకంలోకి ఎక్కించింది. మన నోళ్లలో మాత్రం ఇంకా 'పిచ్చి డాక్టరు'.

నాకు తెలిసినావిడ ఒక తొక్కిసలాటలో చావు తప్పి బయటపడింది. కాలికి కట్టు ఉన్నన్నాళ్లూ పలకరింపులే పలకరింపులు. కట్టు విప్పారు, జనం మాయం. ఇప్పటికీ ఏ గదిలోకెళ్లినా తలుపు పక్క కుర్చీయే వెతుక్కుంటుంది. ఎవరైనా ధడాలున తలుపేస్తే చేతిలో గ్లాసు వణుకుతుంది. కౌన్సెలింగ్‌కి వెళ్తూ ఇంట్లో మాత్రం పళ్ల డాక్టరు దగ్గరికని చెబుతుంది. ఎన్ని పళ్లుంటాయండీ ఒక మనిషికి, వారం వారం చూపించుకోడానికి!